మన ఇంగ్లీషు పాఠము: వర్తమానకాలపు నాలుగు రూపములు



ఈ నెల పాఠమునకు ఇంగ్లీషు క్రియలయందలి వర్తమానకాలమును గైకొంటిమి. దీనిని గూర్చి వ్రాయుటకు మమ్ము ప్రేరేపించినది డోంగ్లి నుండి వచ్చిన యొక జాబు. డోంగ్లి కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దునకు చేరువనున్న యూరు. 2022లో మద్నూరు మండలమునుండి విడివడి తానే యొక మండలమునకు ముఖ్యస్థానమైనది. జాబు వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది గావున ప్రకటింపము. ఆమె వ్రాసినదాని సారాంశ మిది.

ఆమె యత్తగారికి రక్తపుపోటు గలదు. రెండేండ్లనుండి ప్రతిదినము ఉదయమున నొక మాత్ర వేసికొనుచున్నది. ఇటీవల తల తిరుగుచున్నదనగా కోడలు ఆమెను పట్టణమునందలి యొక ఆసుపత్రికి తీసికొని పోయినది. అచటి డాక్టరుగారికి తెలుగు రాదు. "ఇదివర కేమైన మందు వాడుచున్నారా?" యని యాయన ఇంగ్లీషున నడిగెను. కోడలు మనసులో "పొద్దుగాల ఒక గోలి వేసుకుంటది" అనుకొని, దానిని ఇంగ్లీషులోనికి మార్చి, "షి విల్ టేక్ వన్ టాబ్లెట్ ఇన్ ద మార్నింగ్" అని చెప్పినది. డాక్టరుగారు తల యూచి చీటి వ్రాసిరి. ఆ చీటిలో రక్తపుపోటు మందు క్రొత్తగా నొకటి యుండెను. మందుల యంగడివాడు వారి సంచిలోని పాత మాత్రల పట్టీని చూచి, "అమ్మా, పేర్లు వేరైనను ఈ రెండును ఒకే మందు, రెండును వేయకుడు, డాక్టరుగారిని మరల నడుగుడు" అని హెచ్చరించెను. మరల పోయి యడుగగా డాక్టరుగారు చీటిని దిద్దిరి.

"నేను ఇంటర్మీడియట్ వరకు చదివితిని. వ్యాకరణములో మంచి మార్కులు వచ్చినవి. ఐనను నా నోట నట్లేల వచ్చినదో తెలియదు. అత్తమ్మ న న్నొక్క మాటయు ననలేదు గాని నాకే సిగ్గుగానున్నది" అని యా సోదరి వ్రాసినది.

అమ్మా, సిగ్గుపడవలసిన పని లేదు. నీ నోట వచ్చినది అజ్ఞానము గాదు, మన తెలుగు. అదెట్లో వివరింతుము. ఇది నీ యొక్కతెకే గాక మన పాఠకురాండ్ర కెల్లరకును ఉపయోగపడు సంగతి.

తప్పు ఎచ్చట పుట్టినది?

నేటి వాడుకలో "వేసుకుంటది" యను మాటకు రెండర్థములు గలవు. "రోజూ వేసుకుంటది" అన్నచో అలవాటు. "రేపటినుంచి వేసుకుంటది" అన్నచో ముందు జరుగబోవునది. మాట యొక్కటే, "రోజూ", "రేపు" అను మాటలే యర్థమును విడదీయుచున్నవి. ఇంగ్లీషున నట్లు గాదు. అలవాటునకు "షి టేక్స్", ముందు జరుగబోవుదానికి "షి విల్ టేక్". డాక్టరుగారు "విల్ టేక్" అని విని, ఈమె యింకను మందు ప్రారంభింపలేదనుకొనిరి. ఆయన వినినది సరియే. ఆమె తలచినదియు సరియే. నడుమ క్రియారూపమే మారినది.

ఒకప్పుడు మన వ్రాతభాషలోను ఈ భేదము స్పష్టముగా నుండెడిది. పరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అందు క్రియలకు వర్తమానము, భూతము, భవిష్యత్తు అను మూడింటితోపాటు తద్ధర్మ మను నాలుగవ యర్థము చెప్పబడినది. తద్ధర్మమనగా అదియే స్వభావముగా, అలవాటుగా గలుగుట. "వండుచున్నాను" అన్న వర్తమానము. "వండెదను" అన్న భవిష్యత్తు. "వండుదును" అన్న తద్ధర్మము. వాడుకలో "వండెదను", "వండుదును" అను రెండును గలిసి "వండుతాను" అను నొక్క మాటయైనవి. కావున ఇంగ్లీషునందలి సింపుల్ ప్రెజెంట్ మనకు పరాయిది గాదు. అది మన తద్ధర్మమే. "టేక్స్" అనవలసిన చోట "వేసికొనును" అని పాతరీతిని తలచుకొన్నచో పొరపాటు రాదు.

జొన్నరొట్టెతో నాలుగు రూపములు

ఇక నాలుగు రూపములను ఒకే పనిమీద చూతము. డోంగ్లి ప్రాంతమున జొన్నరొట్టె యెరుగని యిల్లుండదు గనుక దానినే గైకొందము.

మొదటిది సింపుల్ ప్రెజెంట్. "ఐ మేక్ రోటీస్" అనగా రొట్టెలు చేయుదును. అది నా నిత్యకృత్యము. ఈ మాట చెప్పునప్పుడు పొయ్యి వెలుగుచుండ నక్కరలేదు. నేను పొలమునందున్నను, బస్సులో నున్నను చెప్పవచ్చును. అలవాట్లు, స్వభావములు, ఎల్లప్పుడును సత్యమైనవి, వేళ యేర్పరచిన రాకపోకలు, ఇవియన్నియు దీనిచేతనే చెప్పబడును. "ది మంజీరా ఫ్లోస్ ఇంటు ద గోదావరి" అనగా మంజీర గోదావరిలో కలియును. అది నేటి సంగతియు, రేపటి సంగతియు. "ది బస్ లీవ్స్ ఎట్ సిక్స్" అనగా బస్సు ఆరు గంటలకు బయలుదేరును. అది వేళల పట్టికలోనిది.

రెండవది ప్రెజెంట్ కంటిన్యువస్. "ఐ యామ్ మేకింగ్ రోటీస్" అనగా ఇప్పుడు పెనముమీద రొట్టె యున్నది. చేయి ఖాళీ లేదు. పని నడుచుచున్నది, ఇంకను ముగియలేదు. వానలకు నీరు పెరుగుచున్నప్పుడు "ది మంజీరా ఈజ్ రైజింగ్" అందుము. మంజీర ప్రవహించుట స్వభావము. పెరుగుట నేటి సంగతి. కొంతకాలము మాత్రమే నడుచుపనికిని ఈ రూపమే తగును. కూతురు పరీక్షలకై నెలదినములు మేనమామ యింట నున్నచో "షి ఈజ్ స్టేయింగ్ విత్ హర్ అంకుల్" అనవలెను. అక్కడనే స్థిరపడినచో "షి లివ్స్ విత్ హర్ అంకుల్" అనవలెను. ముందే నిశ్చయించుకొన్న ప్రయాణమునకును ఇది చెల్లును. "ఐ యామ్ గోయింగ్ టు నాందేడ్ టుమారో" అన్న వాక్యము మన "రేపు నాందేడు పోతున్న" అన్నదానికి సరిగా సరిపోవును.

మూడవది ప్రెజెంట్ పర్ఫెక్ట్. "ఐ హ్యావ్ మేడ్ రోటీస్" అనగా రొట్టెలు చేసియున్నాను. గంపలో నున్నవి, వచ్చి తినవచ్చును. పని ముగిసినది, దాని ఫలము మాత్రము ఇప్పుడు మన యెదుట నున్నది. ఫలము వర్తమానమున నుండుటచేతనే దీనిని వర్తమానములలో లెక్కించిరి.

నాలుగవది ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. "ఐ హ్యావ్ బీన్ మేకింగ్ రోటీస్ ఫర్ ఎన్ అవర్" అనగా గంటసేపటినుండి రొట్టెలు చేయుచున్నాను. పని మునుపు మొదలైనది, ఇప్పటికిని నడుచుచున్నది, ఎంతకాలమునుండి యన్నది ముఖ్యము.

రూపములు నాలుగైనను వాటి వెనుక నున్న ప్రశ్నలు సుళువైనవి. "మామూలుగా నేమి చేయుదువు?" అన్న ప్రశ్నకు మొదటిది. "ఇప్పు డేమి చేయుచున్నావు?" అన్నదానికి రెండవది. "అయినదా?" అన్నదానికి మూడవది. "ఎంతసేపటినుండి?" అన్నదానికి నాలుగవది. ఎదుటివారి మనసులో నున్న ప్రశ్న యేదో తెలిసికొన్నచో రూపము దానంతట అదియే వచ్చును.

పొరుగుభాష సాయము

డోంగ్లి సోదరికి మరియొక కలిమి గలదు. ఆ ప్రాంతమున తెలుగుతోపాటు మరాఠీయు ఇండ్లలోను అంగళ్లలోను వినబడుచుండును. సమీపమునందలి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు నాందేడు జిల్లాలోని దేగ్లూరు తాలూకాకు జేరియుండెడివి. హద్దులు మారినను నాలుకలు మారలేదు.

మరాఠీ మాటలాడు స్త్రీ "మీ భాకరీ కరతే" అన్నచో రొట్టెలు చేయుదునని అలవాటును చెప్పినట్లు. "మీ భాకరీ కరత ఆహే" అన్నచో ఇప్పుడు చేయుచున్నానని. "మీ భాకరీ కేలీ ఆహే" అన్నచో చేసియున్నానని. ఇంగ్లీషు మొదటి మూడు రూపములకును ఇవి యించుమించుగా సరిపోవుచున్నవి. "ఆహే" యున్న చోటులలో ఇంగ్లీషునను "యామ్, ఈజ్, హ్యావ్, హ్యాజ్" వంటి సహాయక్రియ వచ్చుచున్నదని గమనింపుడు. మరాఠీ యెరిగినవారు తెలుగునుండి ఇంగ్లీషునకు దూకుటకు బదులు మనసులో నొకసారి మరాఠీ మెట్టుమీద కాలు మోపినచో "కరతే" యన్నచోట "విల్" రాదు.

ఐతే నాలుగవ రూపమున మరాఠీయు చేయి విడుచును. సోమవారమునుండి దగ్గుచున్నదని చెప్పుటకు మనము "దగ్గుచున్నది" అందుము. మరాఠీవారును సాధారణముగా "ఆహే" తోడి వర్తమానమునే వాడుదురు. అందుచేత రెండు భాషలవారును "షి ఈజ్ కాఫింగ్ సిన్స్ మండే" అని పొరబడుదురు. "షి హ్యాజ్ బీన్ కాఫింగ్ సిన్స్ మండే" అన్నది సరియైనది. "నుండి" యన్న మాట తెలుగున వచ్చెనా, ఇంగ్లీషున "హ్యాజ్ బీన్" గాని "హ్యావ్ బీన్" గాని రావలెనేమో యని యొక్కక్షణ మాగి చూచుకొనవలెను.

ఈ "నుండి" లోనే మరియొక చిక్కు గలదు. మనకు సోమవారమునుండి యన్నను, మూడు దినములనుండి యన్నను మాట యొక్కటే. ఇంగ్లీషున మొదలైన వేళను చెప్పునప్పుడు "సిన్స్". గడచిన కాలపు కొలతను చెప్పునప్పుడు "ఫర్". "సిన్స్ మండే", "ఫర్ త్రీ డేస్". "సిన్స్ త్రీ డేస్" అనరాదు.

"ఇంగ్" చేరని క్రియలు

మన స్త్రీలు తరచుగా చేయు మరియొక తప్పు "ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్" అనుట. కొన్ని క్రియలు పనిని గాక స్థితిని చెప్పును. తెలియుట, కావలసియుండుట, ఇష్టముండుట, కలిగియుండుట పనులు గావు. వీనికి "ఇంగ్" చేర్పరాదు. వీనిని గుర్తించుటకు మన తెలుగే సాయపడును. "నాకు తెలుసు" అందుము గాని ఆ మాటకు "చున్న" చేర్చి పలుకము. "నాకు కావాలె", "నాకు ఇష్టము", "నాకు ఇద్దరు పిల్లలున్నారు" అను వానికిని అట్లే. మన మాట "చున్న" ను ఒల్లనిచోట ఇంగ్లీషు మాట తరచుగా "ఇంగ్" ను ఒల్లదు. కావున "ఐ నో", "ఐ వాంట్", "ఐ లైక్", "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్" అనవలెను.

ఈ సూత్రము అంతటను చెల్లదు. "నమ్ముచున్నాను", "అర్థమగుచున్నది", "వినబడుచున్నది" అని మనము "చున్న" తో చెప్పుదుము గాని, ఇంగ్లీషున సాధారణముగా "ఐ బిలీవ్", "ఐ అండర్‌స్టాండ్", "ఐ హియర్" అనియే యందురు. ఈ మూడింటిని కంఠస్థము చేయవలెను. మరియు "హ్యావ్" భుజించుట యన్న యర్థమున పనియే గనుక "వి ఆర్ హ్యావింగ్ లంచ్" అనుట తప్పు గాదు.

చివరి "ఎస్" ను గూర్చి

"ఐ టేక్", "యూ టేక్", "దే టేక్" అని చెప్పి, "షి" రాగానే "టేక్స్" అనవలసి వచ్చుట పిల్లలకును పెద్దలకును విసుగు పుట్టించును. మన భాషలో చేయుదును, చేయుదువు, చేయుదురు అని పురుషనుబట్టి క్రియ మారును గదా. ఇంగ్లీషునను పూర్వము అట్టి ప్రత్యయము లుండెడివి, కాలక్రమమున రాలిపోయినవి. ప్రథమపురుష యేకవచనమునకు మాత్రము ఈ "ఎస్" మిగిలినది. ప్రశ్నలోను నిషేధములోను ఈ "ఎస్" సహాయక్రియకు పోవును: "డజ్ షి టేక్?", "షి డజ్ నాట్ టేక్". రెండుచోట్లను ఉంచి "డజ్ షి టేక్స్" అనరాదు.

"వేసుకున్నది" అన్నచో

ఆసుపత్రిలో రెండవ ప్రమాదము "వేసుకున్నది" అన్న మాటతో వచ్చును. ఇదియు తెలుగున నొక్కటే, ఇంగ్లీషున రెండు. వేళ చెప్పక, అయినదని మాత్రమే చెప్పదలచినచో "షి హ్యాజ్ టేకెన్ టుడేస్ టాబ్లెట్". గడచిన వేళను చెప్పినచో భూతకాలమే రావలెను: "షి టుక్ ఇట్ ఎట్ ఎయిట్ ఓ క్లాక్". "షి హ్యాజ్ టేకెన్ ఇట్ యెస్టర్డే" అనుట తప్పు. "నిన్న", "పోయిన వారము", "ఎనిమిది గంటలకు" అను మాటలకును "హ్యాజ్" కును పొత్తు కుదరదు.

రోగి తరఫున చెప్పవలసిన వాక్యములు

ఇంటి పెద్దలను ఆసుపత్రికి తీసికొనిపోవు సోదరీమణులు ఈ వాక్యములను నేర్చుకొనియుండుట మేలు.

ప్రతిదినము మాత్ర వేసికొను నలవాటున్నచో: "షి టేక్స్ దిస్ టాబ్లెట్ ఎవ్రీ మార్నింగ్."

కొన్ని దినములకు మాత్రమే యిచ్చిన మందు ఇప్పుడు నడుచుచున్నచో: "షి ఈజ్ టేకింగ్ దిస్ మెడిసిన్ దిస్ వీక్."

నేటి మాత్ర అయినచో: "షి హ్యాజ్ టేకెన్ టుడేస్ టాబ్లెట్." కానిచో: "షి హ్యాజ్ నాట్ టేకెన్ టుడేస్ టాబ్లెట్."

భోజనము చేసినప్పుడెల్ల వాంతి యగుచున్నచో: "షి వామిట్స్ ఆఫ్టర్ ఎవ్రీ మీల్." ఇప్పుడే యగుచున్నచో: "షి ఈజ్ వామిటింగ్ నౌ." ఈ రెండింటికిని వైద్యుడు చేయు తొందరలో భేద ముండవచ్చును.

సోమవారమునుండి దగ్గున్నచో: "షి హ్యాజ్ బీన్ కాఫింగ్ సిన్స్ మండే." మూడు దినములనుండి జ్వరమున్నచో: "షి హ్యాజ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్." జ్వరముండుట స్థితి గనుక ఇందు "ఇంగ్" చేరలేదని గమనింపుడు.

"టేక్స్" అన్నను "ఈజ్ టేకింగ్" అన్నను మందు ఇదివరకే నడుచుచున్నదని వైద్యునకు తెలియును. అందు కొంచెము పొరబడినను హాని తక్కువ. "విల్ టేక్" అన్నప్పుడే యర్థము తలక్రిందగును. ఈ ఒక్కటి మరువకున్నచో ఈ పాఠము చాలవరకు ఫలించినట్లే.

వ్యాకరణమెంత వచ్చినను వాడుచున్న మందుల పట్టీలను, పాత చీటీలను సంచిలో వేసికొని పోవుట మరువరాదు. ఆనాడు ఆ యత్తగారిని కాపాడినది మాటకంటె ముందుగా ఆ పట్టీయే. మరియు తెలుగు తెలిసిన నర్సు గాని, మరాఠీయో హిందీయో తెలిసిన యుద్యోగి గాని యున్నారేమో యని యడుగుట చిన్నతనము గాదు. రోగి ప్రాణముకంటె మన ఇంగ్లీషు గౌరవము గొప్పది గాదు.

ఇంకొక్క మాట. షేక్స్పియరు జీవించిన కాలమున, అనగా 1564 మొదలు 1616 వరకు, ఇంగ్లీషువారును ఇప్పుడు నడుచుచున్న పనికి తరచుగా సింపుల్ ప్రెజెంట్‌నే వాడుచుండిరి. "ఇంగ్" రూపము నేటివలె తప్పనిసరి యగుట తరువాతి సంగతి. ఆ భాషవారే తరతరములుగా కూర్చుకొన్న భేదము మనకు ఒక్కనాట నోటికి రాకపోవుట వింత గాదు, అభ్యాసముచే వచ్చును.

అభ్యాసమునకు పుస్తక మక్కరలేదు. సాయంకాలము పొయ్యి ముందర నున్నప్పుడు చేతిలోని పనినిబట్టి నాలుగు వాక్యములు చెప్పుకొనుడు: రోజూ చేయునది, ఇప్పుడు చేయుచున్నది, అయిపోయినది, ఎంతసేపటినుండి చేయుచున్నది. బడికి పోవు పిల్ల యింట నున్నచో ఆమెచేత దిద్దించుకొనుడు. తల్లి తప్పును కూతురు దిద్దుటలో లోపము లేదు, ఇద్దరును నేర్చుకొందురు.

డోంగ్లి సోదరికి మా మాట ఇది. మరల డాక్టరుగారి యెదుట నిలిచినప్పుడు మనసులో "వేసుకుంటది" అని రాగానే "రోజూనా, రేపటినుంచా?" అని నిన్ను నీవు ప్రశ్నించుకొనుము. రోజూ యన్నచో "షి టేక్స్". అంతే. మీ యత్తగారు ఆరోగ్యముగా నుండవలెనని కోరుచున్నాము.

వచ్చు నెల భూతకాలమును గూర్చి వ్రాయుదుము.